మ్యూస్ మఠం గోడలు ఎక్కడికి పోయాయి? ఇప్పుడు అక్కడ ఏం చూడొచ్చు?

ప్రశ్న: నేను ఇంగ్లండ్‌లోని హల్‌లో చదువుకుంటున్నాను. దగ్గర్లో మ్యూస్ అనే పాత సిస్టర్షియన్ (కఠిన నియమాలు పాటించే ఒక క్రైస్తవ సన్యాసి శాఖ) మఠం ఉండేదని చదివి, శిథిలాలు చూద్దామని వెళ్తే పొలాలు తప్ప ఏమీ కనిపించలేదు. అదే యార్క్‌షైర్‌లో ఫౌంటెన్స్, రీవో మఠాలు ఇప్పటికీ అంత ఎత్తున నిలబడి ఉన్నాయి. ఇది మాత్రం ఆనవాలు లేకుండా ఎలా పోయింది? మళ్లీ వెళ్తే చూడటానికి ఏమైనా ఉందా?

జవాబు: మీరు వెళ్లింది సరైన చోటికే. అక్కడ నేలమీద ఒక్క గోడ కూడా మిగల్లేదు. రాయి ఎక్కడికి పోయిందో మాత్రం తెలుసు. మీరు చదువుతున్న ఊరికే పోయింది.

1539 డిసెంబరు 11న చివరి మఠాధిపతి రిచర్డ్ స్టోప్స్ మఠాన్ని, దేశంలోని మఠాలన్నింటినీ మూసేయిస్తున్న ఎనిమిదో హెన్రీ రాజు మనుషులకు రాసిచ్చేశాడు. ఆయనకు ఏడాదికి 40 పౌన్ల పింఛను ఇచ్చారు. 1541లో రాజు హల్‌కు వచ్చాడు. సముద్రం వైపు నుంచి దాడి జరిగితే ఊరు నిలవదనుకుని, హల్ నదికి తూర్పు గట్టున ఒక కోటా, దానికి ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి చొప్పున రెండు బ్లాక్‌హౌస్‌లూ (ఫిరంగులు పెట్టే చిన్న కోటలు) కట్టమన్నాడు. ఆ పనికి ఇటుకతో పాటు మ్యూస్ రాయి కూడా వాడారు. ఖాళీ అయిన రెండు మూడేళ్లలోనే మఠం కోటగోడల్లోకి చేరిపోయింది. తర్వాత ఆ కోటా పోయింది. దాన్ని కలుపుకుని 1680ల్లో కట్టిన సిటడెల్ అనే పెద్ద కోటను 1860ల్లో కూల్చేశారు. అంటే మ్యూస్ రాయి రెండుసార్లు మాయమైంది.

ఇక ఫౌంటెన్స్, రీవోలకు పట్టని గతి దీనికే ఎందుకు పట్టింది అనేది అసలు ప్రశ్న. దీనికి జవాబు రాజుగారి దగ్గర కాదు, నేల దగ్గర దొరుకుతుంది. ఆ రెండింటినీ కూడా దోచుకున్నారు. సీసం, గంటలు, కలప, గాజు అన్నీ పోయాయి. కానీ అవి రాతి ప్రాంతంలో ఉన్నాయి. ఫౌంటెన్స్ కట్టిన రాయి అదే లోయ గోడల నుంచి తీసినది. అక్కడ ఇల్లు కట్టుకునేవాడికి పక్కనే రాయి దొరుకుతుంది కాబట్టి, ఇరుకు లోయలో నుంచి బళ్లమీద మోసుకుపోవలసిన పని లేదు. మ్యూస్ ఉన్న హోల్డర్‌నెస్ ప్రాంతం అలా కాదు. హిమానీనదాలు వదిలేసి వెళ్లిన బంకమట్టి నేల, నదీ లోయలో చిత్తడి. కట్టడానికి పనికొచ్చే బండరాయి ఆ నేలలో లేదు. అలాంటి చోట చెక్కి సిద్ధంగా ఉన్న రాళ్ల గుట్టను ఎవరూ వదలరు.

రవాణా కూడా వాళ్లకు కలిసొచ్చింది. సన్యాసులు 12వ శతాబ్దం రెండో సగంలో మఠం నుంచి హల్ నది దాకా ఎష్‌డైక్ అనే కాలువ తవ్వుకున్నారు. హల్ నది చాలా దూరం వరకు ఆటుపోట్లు ఎక్కే నది. పోటు మీద పడవ పైకి వస్తుంది, ఆటు మీద కిందికి పోతుంది. రాయి, సీసం, ధాన్యం, ఉన్ని అన్నీ నీటిమీదే నడిచిన చోటు అది. హల్ కోట పనికి వెళ్లిన రాయి కూడా ఎక్కువ భాగం నీటిదారినే వెళ్లి ఉంటుందని నా అంచనా. బంకమట్టి దారుల్లో చలికాలం రాతిబండి లాగడం ఎద్దులకు నరకం.

ఈ ఒక్క కారణం అర్థమైతే మిగతా చరిత్ర కూడా చక్కగా పట్టుబడుతుంది. మ్యూస్ కథంతా నీళ్ల కథ.

స్థాపన సంగతి క్లుప్తంగా చెప్తాను. ఒమాల్ ప్రభువు, యార్క్ ఎర్ల్ అయిన విలియమ్ లె గ్రో జెరూసలేం యాత్ర చేస్తానని మొక్కుకున్నాడు. వయసు మీదపడింది, ఒళ్లు భారీగా పెరిగింది, కదల్లేని పరిస్థితి. ఆయనే 1147లో లింకన్‌షైర్‌లో స్థాపించిన వోడీ మఠంలో కట్టుబడి పనులు చూస్తున్న ఫౌంటెన్స్ సన్యాసి ఆడమ్ ఒక ఉపాయం చెప్పాడు: యాత్రకు బదులు మరో మఠం కట్టించండి, మొక్కు తీరినట్టే. పోప్ మూడో యూజీనియస్ స్వయంగా సిస్టర్షియన్ సన్యాసి. సిస్టర్షియన్లలో పేరుమోసిన మఠాధిపతి క్లేర్వో బెర్నార్డ్ ద్వారా ఆయన అనుమతి తెప్పించారు. చోటు చూసుకొమ్మంటే ఆడమ్ సరిగ్గా విలియమ్ వేట కోసం అట్టిపెట్టుకుని, కందకం తవ్వించడం మొదలుపెట్టిన నేలనే ఎంచుకుని, చేతికర్ర అక్కడ పాతాడట. విలియమ్‌కు మనసొప్పలేదు కానీ మాటిచ్చాక వెనక్కి పోలేకపోయాడు. 1151 జనవరి 1న ఆడమ్ మఠాధిపతిగా పన్నెండుమంది సన్యాసులతో ఫౌంటెన్స్ నుంచి వచ్చాడు. పన్నెండుమంది, ఒక మఠాధిపతి అనేది సిస్టర్షియన్ల నియమం.

మొదట రాయి లేదు. మట్టిగోడల పెద్ద ఇల్లు కట్టుకున్నారు. తర్వాత కట్టిన భవనంలో కింది అంతస్తు పడకకు, పైది ప్రార్థనకు. మాంట్‌ఫెరాంట్ అనే కోటను పడగొడితే వచ్చిన కలప మఠానికి దక్కింది. అంటే మ్యూస్ కూడా ఇంకో కట్టడం ఎముకలతోనే మొదలైంది. చేరేవాళ్లు ఎక్కువయ్యారు, రాబడి చాలలేదు. 1160లో సన్యాసులు చెల్లాచెదురయ్యారు, ఆడమ్ పదవి వదిలేసి వాటన్‌లో ఏకాంతవాసానికి వెళ్లిపోయాడు. తర్వాత కూడుకున్నారు. 1210లో జాన్ రాజు సిస్టర్షియన్ల మీద వేసిన భారీ పన్నుతో మళ్లీ చెదిరారు. మళ్లీ కూడుకున్నారు.

మఠం ఉన్న దిబ్బ చుట్టూ చిత్తడి. నీళ్లు బయటికి పంపితే గడ్డిభూమి వస్తుంది, గడ్డి ఉంటే గొర్రె, గొర్రె ఉంటే ఉన్ని. ఎష్‌డైక్‌తో పాటు మాంక్‌డైక్, ఫోర్త్‌డైక్ అనే కాలువలూ తవ్వారు. ఇవి కాలక్రమంలో మురుగు కాలువలుగా, పడవ దారులుగా, పొలాల సరిహద్దులుగా మూడు పనులూ చేశాయి. పొలం పని చేసింది ఎక్కువగా కొన్వెర్సీ అనే శ్రమ సోదరులు. వాళ్లు మొక్కు కట్టుకున్నవాళ్లే, కానీ పూర్తి ప్రార్థనల బాధ్యత ఉండదు. గ్రేంజ్ అనే మఠ వ్యవసాయ క్షేత్రాల్లో ఉండి దున్నడం, గొర్రెలు కాయడం, కాలువలు పూడిక తీయడం చేసేవాళ్లు. 1249లో మ్యూస్‌లో 60 మంది సన్యాసులు ఉంటే 90 మంది శ్రమ సోదరులు ఉన్నారు. ఆ శతాబ్దం చివరి భాగంలో గొర్రెల సంఖ్య 11,000 దాకా వెళ్లింది.

ఆ ఉన్ని ఓడలెక్కడానికి రేవు కావాలి. హల్ నది హంబర్‌లో కలిసే చోట వైక్ అనే చిన్న రేవు మఠానిదే. 1293లో మొదటి ఎడ్వర్డ్ రాజు దాన్ని మఠం నుంచి తీసుకున్నాడు. అదే 1299లో రాజు ఇచ్చిన చార్టర్‌తో (అధికార పత్రంతో) కింగ్‌స్టన్ అపాన్ హల్ అయింది. మీ ఊరి పుట్టుకలో మ్యూస్ సన్యాసుల వాటా ఉంది, వాళ్ల మఠం చివరికి ఆ ఊరి కోటకే రాయి అయింది.

ఇక్కడ నేల పెంకుల గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మ్యూస్‌లో చేతితో ముట్టుకోదగ్గ పనితనం మిగిలింది దాదాపుగా వాటిలోనే. 1249 నుంచి 1269 దాకా మఠాధిపతిగా ఉన్న విలియమ్ ఆఫ్ డ్రిఫీల్డ్ చర్చి నేలంతా పెంకులు పరిపించాడు. చదరపు పెంకులు కావు, మొజాయిక్. మెత్తగా పిసికిన బంకమట్టిని పలకగా పరిచి, మూసపలక పెట్టి, కత్తితో వృత్తఖండాలు, రేకులు, చుక్కలు, చాపాలుగా కోస్తారు. అంచుల్ని నిటారుగా కాకుండా కిందికి వచ్చేకొద్దీ లోపలికి వాలుగా కోయాలి. అప్పుడే పైన ముక్కలు ఒకదానికొకటి ఆనుకుంటాయి, కింద సున్నం గారకు చోటుంటుంది. అంచు నిటారుగా కోస్తే గార పైకి పొంగి గీతలు లావుగా కనిపిస్తాయి. ఎర్రమట్టి మీద తెల్లమట్టి పూత వేసి పైన సీసపు మెరుగు పెడితే పసుపు రంగు వస్తుంది. తెల్లపూత లేకుండా మెరుగులో రాగి కలిపితే ముదురు ఆకుపచ్చ, దాదాపు నలుపు. ఈ రెండు రంగులూ మార్చి మార్చి పేరుస్తారు. ఆరబెట్టడంలో తొందరపడితే సన్నని కొసలు పైకి లేచి వంకర పోతాయి, అలాంటివి నేలలో ఇమడవు. అందుకే కొలిమి దగ్గర పనికిరాక పారేసిన ముక్కలు పురావస్తు పరిశోధకులకు నిధి అవుతాయి: ఏ ఆకారాలు అక్కడే చేశారో అవే చెప్తాయి. మ్యూస్‌లో అలాంటి కొలిమి మఠం పక్కనున్న నార్త్ గ్రేంజ్‌లో బయటపడింది. 1950ల చివర ఎలిజబెత్ ఈమ్స్ దాన్ని తవ్వించారు. అంతకుముందు 1920లు, 30ల్లో జి. కె. బ్యూలా మఠం స్థలంలో తవ్వి పెంకులు వెలికితీశారు. మ్యూస్ మొజాయిక్ ముక్కలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఒక్కో నేలకు వేల ముక్కలు కోయాలి కాబట్టి ఈ పద్ధతి ఎక్కువకాలం నిలవలేదు, చదరపు పెంకు మీద అచ్చు వేసే పద్ధతి దాన్ని పక్కకు నెట్టింది.

రాజు వచ్చి మూసేదాకా మఠం వైభవంగా ఉందనుకుంటే పొరపాటు. దాని నడుం 1349లోనే విరిగింది. ఆ ఏడాది మార్చి 27న సాయంకాల ప్రార్థనలో ఉండగా భూకంపం వచ్చి సన్యాసులు కూర్చున్న చోటి నుంచి కింద పడ్డారు. ఆగస్టుకల్లా ప్లేగు లోపలికి వచ్చింది. మఠాధిపతి హ్యూ ఆఫ్ లెవెన్, మరో ఐదుగురు సన్యాసులు ఒకేరోజు పోయారు. మఠాధిపతి కాక 42 మంది సన్యాసులు, ఏడుగురు శ్రమ సోదరులు ఉంటే, 32 మంది సన్యాసులూ, శ్రమ సోదరులు ఏడుగురికి ఏడుగురూ చనిపోయారు. మిగిలింది పదిమంది. 1249 లెక్కతో పోల్చి చూడండి: నూరేళ్లలో శ్రమ సోదరులు తొంభై నుంచి ఏడుకు, ఏడు నుంచి సున్నాకు. నిజానికి ప్లేగుకు ముందే ఆ వ్యవస్థ అడుగంటింది. సొంత చేతులతో సేద్యం చేయాలన్న సిస్టర్షియన్ల మూల ఆదర్శం అక్కడితో ముగిసి, భూములు కౌలుకివ్వడమే దారి అయింది.

అదే కాలంలో హంబర్ గట్టున ఉన్న భూములు నీటిపాలయ్యాయి. థార్ల్స్‌థోర్ప్, ఫ్రిస్‌మర్స్క్ లాంటి చోట్ల మఠానికి ఉన్న పొలాలను 14వ శతాబ్దంలో నది మింగేసింది. నది ముఖద్వారంలో ఇసుకదిబ్బ మీద వెలిసిన రావెన్‌సర్ ఆడ్ అనే రేవుపట్నం ఆ శతాబ్దం మధ్యలో పూర్తిగా కొట్టుకుపోయింది. అక్కడి ప్రార్థనాలయం శ్మశానంలోని శవాలు నీటికి బయటపడిన వైనం మఠం క్రానికల్‌లో (ఏళ్ల వరుసలో రాసిన చరిత్రలో) ఉంది. చిత్తడిని ఎండగట్టి సంపాదించిన మఠం, గట్లు నిలబెట్టలేక పోగొట్టుకుంది.

ఇవన్నీ మనకు తెలియడానికి ఒకే ఒక్క మనిషి కారణం. ఆయన పేరు థామస్ బర్టన్. 1396లో మఠాధిపతి అయ్యాడు, ఎన్నికపై గొడవలు రేగి 1399లో పదవి వదులుకున్నాడు, చివరి రోజుల్లో చూపు పోయింది, 1437లో చనిపోయాడు. మఠంలో పట్టించుకునేవాళ్లు లేక కొన్ని వానకు తడుస్తూ, కొన్ని నిప్పులో వేయడానికి పక్కన పెట్టి ఉన్న పాత పత్రాలను ఏరి, వాటి ఆధారంగా స్థాపన నుంచి తన కాలం దాకా చరిత్ర రాశాడు. ఫౌంటెన్స్‌కు అన్ని గోడలు ఉన్నా ఇంత నిండైన కథనం లేదు. ఎంత చిన్న సంగతులు పట్టాడంటే, హ్యూ ఆఫ్ లెవెన్ కాలంలో శిలువ మీది క్రీస్తు బొమ్మ చెక్కిన శిల్పి శుక్రవారాలు మాత్రమే, రొట్టె నీళ్లతో ఉపవాసం ఉండి, ఒక మనిషిని నగ్నంగా ఎదుట నిలబెట్టుకుని పని చేశాడని రాశాడు. దాన్ని చూడటానికి ఆడవాళ్లను రానిస్తే భక్తి పెరుగుతుందని అనుమతి తెచ్చుకున్నారట. తీరా వాళ్లు భక్తితో కాక చర్చి అందాలు చూడటానికి వచ్చారనీ, అతిథి మర్యాదలకు ఖర్చు పెరిగిందనీ ఆయన బాధ.

ఇక మళ్లీ వెళ్తే ఏం చూడాలి?

ముందుగా, ఊరి పేరు రాతలో (Meaux) ఫ్రెంచి పట్నం పేరులా ఉన్నా దారి అడిగేటప్పుడు "మ్యూస్" అనే అడగండి. హల్‌కు ఉత్తరంగా సుమారు పది కిలోమీటర్లు, బెవర్లీకి తూర్పున. ప్రైవేటు పొలాలు. టికెట్టు లేదు, కాపలా లేదు. ప్రజల నడకదారి దాటి లోపలికి అడుగుపెట్టాలంటే రైతు అనుమతి తీసుకోవాలి.

బయల్దేరే ముందు ఇంట్లో ఒక గంట కూర్చోండి. స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో 19వ శతాబ్దపు ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ) వేసిన, మైలుకు ఆరంగుళాల కొలత పటం ఉచితంగా దొరుకుతుంది. దాని పక్కనే లైడార్ (విమానం నుంచి లేజర్‌తో నేల ఎత్తుపల్లాలు కొలిచిన చిత్రం) పొర పెట్టుకుని చూసే వీలుంది. రెండింటినీ మైలు మైలు చొప్పున కదిలిస్తూ పోల్చండి. లైడార్‌లో మొదట కంటికి కొట్టేవి కాలువలే, కట్టడాలు కావు. నిటారు గీతల్ని, కోణాల్ని పట్టుకుని, పాత పటంలో వాటికి పేరుందేమో చూడండి. మాంక్‌డైక్ పేరు ఇప్పటికీ పటాల మీద ఉంది. కాలువ దొరికితే మఠం ఆవరణ ఎటు ఉందో అర్థమవుతుంది, ఎందుకంటే సిస్టర్షియన్లు నీళ్లు లోపలికి తెచ్చి, వంటగది, స్నానం, చివరగా మరుగుదొడ్ల వరుస కిందుగా బయటికి పంపేవాళ్లు.

తర్వాత చర్చి. అది తూర్పు పడమరలుగా ఉంటుంది. సిస్టర్షియన్ మఠాల్లో మామూలుగా దాని దక్షిణాన చతురస్రాకార ప్రాంగణం, ప్రాంగణానికి తూర్పున సభామందిరం, పైన పడకలు, దక్షిణాన భోజనశాల, పడమట శ్రమ సోదరుల భవనం. స్థలాన్ని బట్టి ఈ అమరిక ఉత్తరానికి తిరగబడటమూ ఉంది కాబట్టి గుడ్డిగా నమ్మొద్దు. ముందు ఫౌంటెన్స్‌కో రీవోకో వెళ్లి ఈ వరుసను కాళ్లతో నడిచి చూసి వస్తే మ్యూస్‌లో గడ్డి కింద ఏముందో ఊహించడం చాలా సులువు. ఫౌంటెన్స్ దీనికి తల్లి మఠం కూడా.

ఇక్కడ అందరూ బోల్తా పడేది ఒకచోట. గుంత కనిపిస్తే కందకమనీ, గట్టు కనిపిస్తే గోడ అనీ అనుకుంటారు. మ్యూస్‌లో చాలాచోట్ల తలకిందులు. రాయి కోసం పునాదుల దాకా తవ్వి తీసుకెళ్లిన చోట పొడవాటి గుంత మిగులుతుంది, గోడ ఉన్న చోటు అదే. దాని పక్కన గట్టులా కనిపించేది పనికిరాదని పారబోసిన సున్నం, రాళ్లపొడి. ఇంకొన్ని గీతలు తర్వాతి కాలపు పొలం చాళ్లు, మురుగు గుంటలు. ఒకే కొలతలో, సమాంతరంగా, మెలికతో సాగిపోతుంటే అది దున్నిన చాలు. లంబకోణంలో మలుపు తిరిగితే కట్టడం మీద అనుమానపడండి.

కాలం కూడా ముఖ్యం. చలికాలం పొద్దున లేదా సాయంత్రం, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఎత్తుపల్లాల నీడలు కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం వెళ్తే చదునైన గడ్డిలా ఉంటుంది, మీకు జరిగింది ఇదే కావొచ్చు. వానల్లేని వేసవిలో రాతి పునాది మీద గడ్డి ముందుగా పసుపురంగుకు తిరిగి ఎండిపోతుంది, పూడిన కాలువ మీద పచ్చగా ఉంటుంది. బంకమట్టి తేమను వదలదు కాబట్టి ఇక్కడ ఈ గుర్తులు సున్నపురాతి నేలల్లో ఉన్నంత స్పష్టంగా రావు. ఒక ఏడాది కనబడకపోతే ఏమీ లేదని తేల్చేయకండి.

మెటల్ డిటెక్టర్ మాత్రం తీసుకెళ్లొద్దు. ఇది చట్టరక్షణ ఉన్న స్థలం. రైతు ఒప్పుకున్నా సరే, హిస్టారిక్ ఇంగ్లండ్ రాతపూర్వక అనుమతి లేకుండా వాడటం 1979 చట్టం ప్రకారం నేరం. పొలంలో పెంకు ముక్క పైకి తేలి కనిపించినా అక్కడే వదిలేసి, ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టి హల్ మ్యూజియానికి చెప్పండి. ముక్క ఎక్కడ దొరికిందన్నది పోతే దాని విలువ సగం పోయినట్టే.

హల్‌లోనే ఉన్నారు కాబట్టి ద డీప్ అక్వేరియం పక్కనున్న దక్షిణ బ్లాక్‌హౌస్ స్థలం కూడా చూడండి. 1997లో అక్కడి తవ్వకంలో హెన్రీ కాలపు ఫిరంగి దొరికింది, ఇప్పుడు హల్ మ్యూజియంలో ఉంది.

బర్టన్ క్రానికల్ చదవాలనుకుంటే, 1866 నుంచి 1868 మధ్య మూడు సంపుటాలుగా అచ్చయిన ప్రతి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉంది. వెతికేటప్పుడు మఠం లాటిన్ పేరు "మెల్సా" అని కొట్టండి, లేకపోతే దొరకదు. మూలం లాటిన్‌లో ఉన్నా పేజీ అంచున ఇంగ్లిషులో సారాంశాలున్నాయి, వాటితోనే చాలా దూరం వెళ్లొచ్చు. ఒక్కో మఠాధిపతికి ఒక్కో భాగం. అందులో మఠం భూముల లావాదేవీలు, పోపులు రాజుల సంగతులు, మఠం లోపలి విషయాలు విడివిడిగా ఉంటాయి. మీకు కావలసింది భూములు, మఠం విషయాలు. పోపుల భాగం వేరే పుస్తకాల నుంచి ఎత్తి రాసినదే ఎక్కువ, వదిలేయొచ్చు. తేదీల దగ్గర జాగ్రత్త: ఆ కాలంలో ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, కాబట్టి పాత లెక్కలో 1150 జనవరి అంటే మన లెక్కలో 1151. స్థాపన ఏడాది ఒక్కోచోట ఒక్కోలా కనిపించడానికి కారణం ఇదే. ఇంకోటి, ఆడమ్ కర్ర పాతిన కథలాంటివి రెండున్నర శతాబ్దాల తర్వాత రాసినవి, మఠంలో చెప్పుకున్న కథలుగా తీసుకోండి. కాలువలు, పొలాల దగ్గరికి వచ్చేసరికి బర్టన్ ముందు అసలు పత్రాలున్నాయి. అక్కడ ఆయన్ని నమ్మి, పటం పక్కన పెట్టుకుని చదవండి.